పిల్లలు కావాలా వద్దా తేల్చుకోలేకపోతున్నాం, ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్

మియాపూర్_మేడ:
అందరికీ నమస్తే. ఇన్నేళ్ళూ చదివి వెళ్ళిపోయే బ్యాచ్ నాది, ఫస్ట్ టైమ్ రాస్తున్నా. నాకు 33, ఆయనకి 36, పెళ్ళయి ఆరేళ్ళు. ఇద్దరం ఐటీనే, ఫ్లాట్ కొన్నాం, ఈఎంఐ ఇంకా చాలా ఉంది. మొదట్లో ఇప్పుడే వద్దులే అనుకున్నాం, తర్వాత కరోనా, ఆ తర్వాత మామయ్యగారికి బైపాస్, అలా అలా ఇక్కడిదాకా వచ్చేశాం. ఏ ఫంక్షన్‌కెళ్ళినా "ఏంటమ్మా విశేషాలు" అని మొదలు. అమ్మ మోపిదేవికి మొక్కుకుంది. 2024 ఏప్రిల్‌లో చిలుకూరులో పిల్లల్లేనివాళ్ళకి గరుడ ప్రసాదం పెడుతున్నారంటే సిటీ సగం అటే పోయి ట్రాఫిక్ ఆగిపోయింది గుర్తుందా, ఆ జనంలో మా అత్తయ్య కూడా ఉంది, మాకు చెప్పకుండా వెళ్ళింది.

అసలు విషయం ఏంటంటే మాకు ప్రాబ్లమ్ ఉందో లేదో కూడా తెలీదు, ఎందుకంటే మేం ట్రై చెయ్యలేదు. నాకు పిల్లలంటే చిరాకేం కాదు, మా అక్క కూతురొస్తే రెండ్రోజులు బానే గడుస్తుంది. కానీ నాకూ ఒకళ్ళుండాలి అన్న తపన ఎప్పుడూ రాలేదు. వయసొస్తే అదే వస్తుందన్నారు, రాలేదు. అలాగని వద్దు అని గట్టిగా అనేంత ధైర్యమూ లేదు. ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అంటాడు, ఆ మాటకి ఇంకా మండుతుంది, మొత్తం నా నెత్తిన పెట్టేసి రేపు ఏదైనా అయితే నువ్వే కదా అన్నావు అనడానికా?

కన్నవాళ్ళు ఎలా ఉందో చెప్పండి. వద్దనుకున్నవాళ్ళు నలభై దాటాక ఎలా ఉందో చెప్పండి. దేవుడిచ్చిన వరం లాంటివి మాత్రం వద్దు, అవి ఇంట్లోనే కావాల్సినన్ని దొరుకుతున్నాయి.

నిద్రలేనమ్మ:
నాకు ఐదేళ్ళ బాబు, రెండేళ్ళ పాప. నిద్ర సంగతి అందరూ చెప్తారు కాబట్టి వదిలేస్తున్నా. ఎవరూ చెప్పనిది ఇంకోటుంది. మా ఆయన మంచోడు, ఏ పని చెప్పినా చేస్తాడు. చెప్పాలి, అంతే. టీకా ఎప్పుడు, బాబు చెప్పుల సైజెంత, స్కూల్లో ఎల్లో డే ఎప్పుడు, పాపకి ఏ సిరప్ పడదు, ఇవన్నీ నా బుర్రలోనే ఉంటాయి, ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నా అవే. నేను రెండ్రోజులు ఊరెళితే ఫోన్ ఆగదు.

లీవ్ 26 వారాలిచ్చారు, చట్టం ప్రకారం మొదటి రెండు కాన్పులకి అది వస్తుంది, మూడోదానికైతే 12 వారాలే. అది అయిపోయాక? యాభైమంది దాటిన చోట క్రెష్ ఉండాలని రూల్, మా దాంట్లో క్రెష్‌తో టైఅప్ ఉంది అన్నారు, అది ఆఫీస్‌కి తొమ్మిది కిలోమీటర్లు. చివరికి అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. ఇక్కడ నా కొడుకు బాగానే పెరిగాడు, అక్కడ మా నాన్న ఏడాది పైన కర్రీ పాయింట్ కూరలు తిని షుగర్ పెంచుకున్నాడు. పిల్లల ఖర్చు అంటే ఫీజులే అనుకుంటాం, ఇది ఏ లెక్కలో రాయాలో నాకిప్పటికీ తెలీదు. ఫీజులూ తక్కువేం కాదు, నర్సరీకే లక్షన్నర కట్టాం.

ఇంత చెప్పి ఎలా ఉంది అంటే, బాగుంది. పాప ఇప్పుడిప్పుడే మాటలు నేరుస్తోంది, ఎవరి మీదైనా కోపమొస్తే "ఛీ చట్నీ" అంటుంది, ఎక్కడ నేర్చిందో. మళ్ళీ అవకాశమిస్తే కంటానా అంటే కంటా, ఒకళ్ళతో ఆపుతానేమో. ఇది ఇంట్లో ఎవరితోనూ అనలేను, ఇక్కడ అంటున్నా.

గోదారి_గట్టు:
అమ్మాయ్, నాకు 64, రిటైరయ్యాను. మీ తరం మరీ లెక్కలేసుకుంటున్నారు. మేం లెక్కలేసుకుని ఉంటే మీరెవరూ ఉండేవాళ్ళు కాదు. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే కనేయాలి, తర్వాత కావాలన్నా కుదరదు. ముసలితనంలో మంచినీళ్ళిచ్చే మనిషి ఉండాలి కదా. తప్పుగా అనుకోకు తల్లీ, కూతురులాంటిదానివని చెప్తున్నా.

ఓరుగల్లు_పోరి:
అంకుల్ ఒక్క మాట అడుగుతా ఏమనుకోకుండ్రి, మీ పిల్లలు ఏడుంటున్రు?

గోదారి_గట్టు:
పెద్దాడు టొరంటో, అమ్మాయి బెంగుళూరు. రోజూ వీడియో కాల్ చేస్తారు. నువ్వెక్కడికి వస్తున్నావో అర్థమైందమ్మా. మంచినీళ్ళు మేమే తాగుతున్నాం.

ఓరుగల్లు_పోరి:
😀 అంకుల్ మీరు మంచోళ్ళు.

మియాపూర్ అక్కా, సారీ చెల్లెవే అయితవ్, నాకు 43. హన్మకొండల ఉంటం, నేను లెక్చరర్, మా ఆయన సొంత షాపు. పిల్లలు కాక కాదు, వద్దనుకున్నం. నువ్వడిగినవ్ గద, ఎట్లుంటదో చెప్త.

ముప్పైలల్ల కష్టం. శ్రీమంతాలకు పిలువరు, పిలిచినా గాజులు తొడిగేటప్పుడు నన్ను పక్కకు కూసోవెడ్తరు. ఒకామె మొఖం మీదనే అన్నది, మా ఆయనకు టెస్టులు చేపియ్యుమని. నలభై దాటినంక అడుగుడు బంద్ అయితది, పాపం అని చూసుడు షురూ అయితది, అదైతే నవ్వి ఊకోవచ్చు. దోస్తులు ఒక పదేండ్లు మాయమైపోతరు, నువ్వేం తప్పు చేసినవని కాదు, వాళ్ళకు తీరదు. పిల్లలు ఇంటర్ హాస్టళ్ళ వడ్డంక ఒక్కొక్కలు మళ్ల ఫోన్ చేస్తున్రు ఇప్పుడు.

ఇంకోటి ఎవ్వలు చెప్పరు. పిల్లలు లేరు గదా అని ఇంట్ల అందరి ముసలోళ్ళు నీ లెక్కల వడ్తరు. మా అత్తమ్మ దవాఖానల ఉంటే తోడికోడలుకు పిల్లల పరీక్షలు, ఆడబిడ్డకు పిల్లల పరీక్షలు, మరి ఉండేదెవరు, నేనే. మా అమ్మకు మోకాలు ఆపరేషనైతే గూడ గదే కథ. సేవ చేసుడు నాకు బరువు కాదు గని, నా టైముకు ఇలువ లేదన్నట్టు మాట్లాడ్తరు చూడు, అది మంటెక్కిస్తది.

బాధ ఉంటదా అంటే బతుకమ్మ అప్పుడు ఉంటది. తొమ్మిది రోజులు వాకిట్ల పొల్లగాండ్లు ఉరుకుతుంటరు, మనసు అదోలెక్క అయితది. దసరా పోతే అది గూడ పోతది. నేనైతే మళ్ల గదే నిర్ణయం తీసుకుంట. గని నేను ముప్పై ఏండ్లకే వద్దని ఖతం చేసుకున్న, నీ లెక్క ఊగలే. ఊగుడే నాకు భయం అనిపిస్తది నీ విషయంల.

స్టెతస్కోపు:
గైనకాలజిస్టుని. నిర్ణయం మీది, నేను మెడికల్ సంగతులు మాత్రమే చెప్తాను. ఆడవాళ్ళకి 35 దాటాక అవకాశాలు తగ్గే వేగం పెరుగుతుంది, 40 దాటాక బాగా పెరుగుతుంది, అబార్షన్ల రిస్కు కూడా. కాబట్టి "తర్వాత చూద్దాం" అని ఇంకో నాలుగేళ్ళు గడిపితే మీరు ఏమీ తేల్చకపోయినా శరీరం తేల్చేస్తుంది.

ఏఎంహెచ్ టెస్టు చేయించుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. అది అండాలు సుమారుగా ఎన్ని మిగిలాయో చెప్తుంది, అంతే. వాటి క్వాలిటీ చెప్పదు. బాగుంటే ఐదేళ్ళు నిశ్చింత అని కాదు, తక్కువుంటే సహజంగా రాదనీ కాదు. ఎగ్ ఫ్రీజింగ్ ఒక ఛాన్స్ మాత్రమే, గ్యారంటీ కార్డు కాదు. ఐవీఎఫ్‌కి 2021 నాటి ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల చట్టం) ఆడవాళ్ళకి 50, మగవాళ్ళకి 55 దాకా ఒప్పుకుంటుంది, ఒళ్ళు అన్నేళ్ళు ఒప్పుకోదు. మగవాళ్ళు వీర్య పరీక్ష ముందే చేయించుకోండి, అన్నిటికంటే చవక, సులువు, అయినా భార్యకి పది పరీక్షలయ్యాక గానీ రారు.

కావాలి అనుకుంటే కనీసం నెల ముందు నుంచీ ఫోలిక్ యాసిడ్ రోజుకి 400 మైక్రోగ్రాములు. థైరాయిడ్, షుగర్, రుబెల్లా చూపించుకోండి. రుబెల్లా టీకా వేయించుకుంటే నెల్లాళ్ళు ఆగాలి. మీది మేనరికమా? అయితే జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళాకే మిగతాది.

మియాపూర్_మేడ:
మేనరికం కాదు డాక్టర్‌గారూ, థాంక్యూ. శరీరం తేల్చేస్తుంది అన్న మాట చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా.

బెజవాడ_బాబాయ్:
ఇదేం గోలయ్యా, ఒకప్పుడు ఇద్దరు దాటితే సర్పంచ్‌గా కూడా పోటీ చెయ్యొద్దన్నారు, 1994లో పెట్టిన రూలు, 2024 నవంబర్‌లో ఏపీ అసెంబ్లీలో తీసేశారు. ఇప్పుడు ఎక్కువమందిని కనండి అని ముఖ్యమంత్రిగారే చెప్తున్నారు. విజయనగరం ఎంపీగారైతే మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానన్నారు. ఆవుని అపార్ట్‌మెంట్‌లో ఎక్కడ కట్టాలి? సెల్లార్‌లో పార్కింగే లేదు.

జోకులు పక్కన పెడితే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21)లో ఏపీ 1.7, తెలంగాణ 1.8, అంటే సగటున ఒక్కో ఆడమనిషికి ఇద్దరు కూడా లేరు. జనాభా ఉన్నంతలో నిలబడాలంటే 2.1 ఉండాలట. కనండి అనడం ఈజీ, ఎల్‌కేజీ ఫీజు సగం కడతాం అని ఒక్కరూ అనరు. పార్టీలవారీగా చెప్పాలంటే...

అడ్మిన్:
బాబాయ్, అక్కడ ఆపండి. పార్టీల గొడవకి వేరే టాపిక్ ఉంది. దీని కింద వచ్చిన రెండు రిప్లైలు తీసేశాను.

ఫ్రిస్కో_బావ:
మాకు ఒక బాబు, టెక్సాస్. ఇక్కడ పరిస్థితి చెప్తా, ఫారిన్‌లో ఉంటే ఈజీ అనుకుంటారు చాలామంది. చట్టప్రకారం 12 వారాల లీవ్, అదీ జీతం లేకుండా, అదీ కంపెనీలో సరిపడా మంది ఉండి మనం ఏడాది పనిచేసి ఉంటే. డేకేర్ నెలకి 1,600 డాలర్లు కట్టాం. అందుకే మనోళ్ళందరూ చేసేదే మేమూ చేశాం, విజిటర్ వీసా మీద అత్తయ్యగారు ఆర్నెల్లు, వాళ్ళు ఫ్లైట్ ఎక్కేముందు మా అమ్మ ఆర్నెల్లు. ఎయిర్‌పోర్ట్‌లో వియ్యపురాళ్ళిద్దరూ ఒకళ్ళకొకళ్ళు చార్జి అప్పజెప్పుకున్నారు, ఏ డబ్బాలో ఉగ్గు ఉందో, వాడికి ఏ పాట పాడితే పడుకుంటాడో. ఇద్దరికీ ఇక్కడ డ్రైవింగ్ రాదు, మేం ఆఫీస్‌కెళ్ళాక నాలుగ్గోడల మధ్యే. మా అమ్మ వెళ్ళేటప్పుడు "ఇంకోడు వద్దురా" అంది, నవ్వుతూనే అందిలెండి. మేం ఆ మాట సీరియస్‌గానే తీసుకున్నాం.

వేపచెట్టు:
39, మగ, వైజాగ్. మేమిద్దరం వద్దనుకున్నాం. ఆవిడ ఎన్నేళ్ళని మాత్రలు మింగుతుంది అని నేనే వేసెక్టమీకి వెళ్దామనుకున్నా. సర్కారీ దవాఖానాలో పిల్లలెంతమంది అన్నారు, లేరన్నా, పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు. కు.ని. ఆపరేషన్‌కి ప్రభుత్వ నిబంధన ప్రకారం కనీసం ఒక బిడ్డ ఉండి, ఆ బిడ్డకి ఏడాది దాటి ఉండాలట, మెడికల్ కారణం ఉంటే తప్ప. తర్వాత ప్రైవేటులో ఒకాయన చేశాడు, ఆయనా చెయ్యను చెయ్యను అంటూనే, మా ఆవిణ్ణి తీసుకురమ్మని, మీ నాన్నగారికి తెలుసా అని. 38 ఏళ్ళొచ్చాక మా నాన్నకెందుకు తెలియాలండీ!

ఆపరేషన్ మాత్రం చాలా చిన్నది. కుట్లు లేవు, అదేరోజు ఇంటికొచ్చేశా. ఒకటి గుర్తుపెట్టుకోండి, వెంటనే పనిచెయ్యదు, మూడు నెలలు వేరే జాగ్రత్తలు తీసుకుని తర్వాత టెస్టులో సున్నా వచ్చిందో లేదో చూపించుకోవాలి. ఇది చాలామంది చెయ్యరు. ఇంకా ఊగుతున్నవాళ్ళు మాత్రం దీని జోలికి పోవద్దు, మళ్ళీ కలిపించుకోవచ్చులే అనుకుని వెళ్ళేది కాదు.

పిచ్చుక_గూడు:
ఇంతసేపూ ఎవరూ దత్తత మాటెత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నా. మా పాప మాకు పద్నాలుగు నెలల వయసులో వచ్చింది, ఇప్పుడు రెండో క్లాసు. "పుట్టకపోతే తెచ్చుకుందాంలే" అని కొందరు తేలిగ్గా అంటారు, అంత తేలిక కాదు. కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకోవాలి, సోషల్ వర్కర్ ఇంటికొచ్చి అన్నీ అడుగుతారు, తర్వాత వెయిటింగ్, ఏళ్ళు. రెండేళ్ళలోపు బిడ్డ కావాలంటే మొగుడూపెళ్ళాల వయసు కలిపి 85 దాటకూడదు. మియాపూర్ మేడమ్, మీది 69, టైముంది, కానీ వెయిటింగ్‌ని కూడా లెక్కేసుకోండి. ఇప్పుడు ఉత్తర్వు కోర్టు కాకుండా జిల్లా కలెక్టర్ ఇస్తున్నారు, అది కాస్త నయమైంది.

బంధువుల్లో ఎవరి బిడ్డనో చేతిలో పెడతాం, రాతకోతలెందుకు అంటారు, ఆ పని మాత్రం చెయ్యకండి, తర్వాత బర్త్ సర్టిఫికెట్ దగ్గర్నుంచీ అన్నీ చిక్కులే. ఇంకోటి, తపన లేనివాళ్ళు దత్తతకి కూడా వెళ్ళొద్దు. సారీ, కఠినంగా ఉంటే. మా పాప "నేనెందుకు మీ పొట్టలోంచి రాలేదు" అని అడిగిన రోజు నాకు కావాల్సిన ఓపిక అప్పటికప్పుడు ఎక్కణ్ణుంచో వచ్చేది కాదు.

లా_పాయింటు:
ఓరుగల్లుగారు, వేపచెట్టుగారు, ఇది ముఖ్యంగా మీకు. పిల్లలు వద్దనుకున్న హిందూ దంపతులు వీలునామా రాయకపోతే ఏమవుతుందో చెప్తాను. భర్త ముందు పోతే ఆయన ఆస్తి భార్యకీ, ఆయన తల్లి బతికుంటే ఆవిడకీ చెరి సగం. అత్తాకోడళ్ళు మాట్లాడుకోని ఇళ్ళలో ఇది ఎంత గొడవో నేను రోజూ చూస్తుంటాను. అసలు విచిత్రం ఆడవాళ్ళ ఆస్తిలో ఉంది. 1956 వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం పిల్లల్లేని ఆడమనిషి తన సొంత జీతంతో కొన్న ఫ్లాట్, భర్త కూడా లేకపోతే, వెళ్ళేది ముందు భర్త వారసులకి. మరిది పిల్లలకి వెళ్తుంది గానీ ఆవిణ్ణి కన్న తల్లికి రాదు. తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన ఆస్తి ఒక్కటే తండ్రి వారసుల వైపు తిరిగి వెళ్తుంది. కాబట్టి రాయండి. బ్యాంకులో నామినీ పేరు రాశాం చాలు అనుకోవద్దు, నామినీ అంటే ఓనర్ కాదు.

గోదారి గట్టుగారి మంచినీళ్ళ విషయానికీ ఒక చట్టం ఉందండి. 2007 సీనియర్ సిటిజన్ల చట్టంలో సంతానం లేని పెద్దవాళ్ళు, తమ ఆస్తి ఎవరి చేతిలో ఉందో లేదా ఎవరికి వస్తుందో ఆ బంధువుని పోషణ అడగొచ్చు. ఆస్తి మరిది కొడుక్కి వెళ్ళేదుంటే మంచినీళ్ళూ వాడే ఇవ్వాలన్నమాట.

గోదారి_గట్టు:
లాయరుగారూ ఇది నాకు తెలీదు. మియాపూర్ అమ్మాయ్, నిన్నటినుంచీ ఒకటి ఆలోచిస్తున్నా. మాకు పెళ్ళయిన ఏడాదికి పెద్దాడు పుట్టాడు. కావాలా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ ఒకళ్ళనొకళ్ళం అడుక్కోలేదు. మా ఆవిడకి అప్పుడు ఇరవై. బీఎడ్ సీటొచ్చి వదులుకుంది. నిన్న రాత్రి భోజనాల దగ్గర అడిగాను, అప్పుడు నిన్నడిగుంటే ఏమనేదానివి అని. "ఇప్పుడా అడిగేది, మజ్జిగ పోసుకోండి" అంది. ఏమనేదో చెప్పలేదు.

మియాపూర్_మేడ:
బాబాయ్‌గారూ, పిన్నిగారికి నా నమస్కారం చెప్పండి.

మేం నిన్న మాట్లాడుకున్నాం. నీ ఇష్టం అనకుండా నీకేం కావాలో చెప్పు అని గట్టిగా పట్టుకున్నా. చాలాసేపు నసిగి చివరికి చెప్పాడు, తనకి కావాలట. మోసేది నేను, ఒళ్ళు నాది, తను కావాలి అంటే నా మీద రుద్దినట్టుంటుందని ఇన్నాళ్ళూ అనలేదట. మంచితనమే కావచ్చు గానీ నాలుగేళ్ళు పోయాయి కదా ఆ మంచితనంలో, ఆ మాటే అనేశా, కొంచెం గొడవైంది. ఇప్పుడు తనకి కావాలి, నాకు తెలీదు. ఇంతకుముందు ఇద్దరికీ తెలీదనుకున్నా, దానికంటే ఇదే కష్టంగా ఉంది.

నిద్రలేనమ్మ:
కావాలి అన్నోణ్ణి ఒక నెల ఇల్లు నడపమను. వంటలూ గిన్నెలూ కాదు, అవి ఎవరైనా చేస్తారు. పనమ్మాయి రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, గ్యాస్ ఎప్పుడు బుక్ చెయ్యాలి, మీ మామయ్యగారి మందులు ఎప్పటికి అయిపోతాయి, ఇవన్నీ తనే గుర్తుపెట్టుకోవాలి, నువ్వు ఒక్కటి కూడా గుర్తుచెయ్యకూడదు. మందులైపోయినా సరే, మరీ అయిపోకముందు చెప్పులే. ఆఫీస్‌లో లీవ్ సంగతి కూడా తననే కనుక్కోమను. మగాళ్ళకి సెంట్రల్ గవర్నమెంట్‌లో అయితే 15 రోజులుంది, ప్రైవేటులో చట్టం ఏం లేదు, కంపెనీ దయ.

మియాపూర్_మేడ:
గీజర్ రిపేర్ అతని నంబర్ కూడా లేదు ఆయన దగ్గర. పొద్దున్నే అడిగాడు, ఇవ్వలేదు, వెతుక్కోమన్నా. ఇద్దరం ఇవాళ చన్నీళ్ళ స్నానం.

సరే, టెస్టులు ఇద్దరం చేయించుకుంటున్నాం, ఆయనదే ముందు. అది కనడం కోసం కాదు, ఎంత టైముందో తెలియడం కోసం అని ఇద్దరం అనుకున్నాం. అమ్మకీ అత్తయ్యకీ చెప్పట్లేదు. చెప్తే పేరు పెట్టేస్తారు.

ఓరుగల్లు_పోరి:
మంచిగ జేసిన్రు. నాలెక్క కావాల్నని లేదు, అంకుల్ లెక్క కావాల్నని లేదు.

లాయర్ సాబ్, మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపిచ్చిన, ఇద్దరం బేజారైనం. మా ఇల్లు నా పేరు మీదున్నది, నా లోనే. మా అమ్మకు, చెల్లె బిడ్డకు పోవాల్నంటే స్టాంప్ పేపర్ మీద రాయాల్నా, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోవాల్నా?

లా_పాయింటు:
స్టాంప్ పేపర్ అక్కర్లేదమ్మా, తెల్ల కాగితం చాలు. మీరు సంతకం చెయ్యాలి, ఇద్దరు సాక్షులు మీరు సంతకం పెట్టడం చూసి వాళ్ళూ పెట్టాలి. మీ అమ్మగారినీ చెల్లెలి బిడ్డనీ సాక్షులుగా పెట్టకండి, ఆస్తి వచ్చేవాళ్ళు సాక్షులుగా ఉంటే రేపు వేలెత్తి చూపిస్తారు. మీకంటే చిన్నవాళ్ళయితే మంచిది, రేపు సాక్ష్యం చెప్పడానికి ఉండాలి కదా. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ మీ కేసులో మరిది వైపు వాళ్ళు అడ్డం తిరిగే అవకాశముంది కాబట్టి చేయించండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. లోను బాకీ ఉన్నప్పుడు పోతే ఆ బాకీ కూడా ఇంటితోపాటే వెళ్తుంది, దానికి ఇన్సూరెన్స్ ఉందో లేదో ఓసారి బ్యాంకులో అడగండి.